ఎడమకాలి హద్దులు

ముమ్మిడివరం రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
జిరాక్సు కొట్టు చూరు కింద నా బల్ల.
ముప్పై ఒక్క ఏళ్లుగా రాస్తున్నాను
కొబ్బరితోటల కౌళ్లు, రొయ్యల చెరువుల లీజులు,
అన్నదమ్ముల మధ్య మూరెడు గట్టు పంపకాలు.
నా చేతిరాతలో ఎన్ని ఎకరాలు చేతులు మారాయో,
నాకు మాత్రం ఇంటి వెనక మూడు సెంట్లు.

మొన్న మంగళవారం, స్టాంపు కాగితాలు అయిపోయిన వేళ
బలుసుతిప్ప నుంచి ఒక కుర్రాడొచ్చాడు.
పెమ్మాడి సత్యకిశోర్. ఎడమ మోకాలికి నీలం కట్టు.
ప్లాస్టిక్ కవర్లో పదహారు పేజీల ఇంగ్లీషు.
"చదివి పెట్టండి గురువుగారూ,
నేనెవరి తాలూకో ఇందులో ఉందంట."

ఫుట్‌బాల్ ఒప్పందం. పడమటి తీరంలో ఏదో క్లబ్బు.
కళ్లజోడు తుడుచుకున్నాను.
భాష వేరు గానీ నడక నాకు తెలిసిందే,
సదరు ఆటగాడు, సదరు గడువు.
మూడేళ్లు. నెలకు నలభై వేలు. దెబ్బ తగిలితే సగం.
ఏడో పేజీ అడుగున, చీమతలకాయలంత అక్షరాల్లో:
గడువు తీరాక క్లబ్బు కోరుకుంటే
అదే జీతానికి ఇంకో రెండేళ్లు అట్టే పెట్టుకోవచ్చు.
కోరుకోవడం ఒకరికే.
రెండోవాడికి ఆ క్రియే రాసిలేదు.

"అట్టే పెట్టుకున్నారండీ. ఆడించరు.
ఐదు నెలలుగా జీతం లేదు.
షిల్లాంగు వాళ్లు రమ్మంటున్నారు,
వీళ్లు వదిలే కాగితం ఇవ్వరు.
ఇవ్వాలంటే పన్నెండు లక్షలంట."
"నీకా?"
"నాక్కాదండీ. నా ఖరీదు."

కౌలు పత్రంలో ఒక వాక్యం, నిద్రలో లేపినా రాస్తాను:
గడువు తీరిన తక్షణం నిలువు పైరు కోసుకుని
ఎట్టి అభ్యంతరమూ లేక భూమిని స్వాధీనపరచవలెను.
భూమిని ఎవరూ అడగరు.
అడగడానికేముంది, అదెక్కడికి పోతుంది?

అలాంటిది
భూమే బస్సు దిగి వచ్చి, నా బల్ల ముందు కూర్చుని
"నా హద్దులు చెప్పండి" అనడం
నా సర్వీసులో ఇదే మొదలు.

చెప్పాను.
తూర్పు: పాటు వేళ గట్టిపడే ఇసుక,
ఈ కాలు ఆట నేర్చుకున్న చోటు.
దక్షిణం: రాని జీతం.
పడమర: క్లబ్బు గేటు, దాని వాచ్‌మన్.
ఉత్తరం: షిల్లాంగు, అక్కడి వాన.
ఈ నాలుగు హద్దుల మధ్య గల ఎడమకాలు ఒకటి,
నిధి నిక్షేప జల తరు పాషాణాలతో,
మోకాటి వాపుతో సహా.

నవ్వాడు. కాస్సేపయ్యాక అన్నాడు,
"మా నాన్నా ఇంతేనండి, పడవ ఓనరు దగ్గర బయానా తీసుకున్నాడు.
బాకీ తీరందాకా ఇంకో పడవ ఎక్కకూడదు.
ఆ లెక్క సిగరెట్టు పెట్టె అట్ట మీద ఉండేది.
మాది పెద్ద క్లబ్బు కదా, పదహారు పేజీలు."

ఆటల సంఘానికి అర్జీ రాసిచ్చాను:
జీతమే ఆపినవాడికి మనిషిని ఆపే హక్కేమిటని.
ఏమవుతుందో తెలియదు. అర్జీల సంగతి నాకంటే ఎవరికి తెలుసు?
రెండు వందలు తీసుకున్నాను.
తీసుకోకుండా ఉండాల్సింది. తీసుకున్నాను.

ఆదివారం చెరువు కొలతలకి బలుసుతిప్ప వెళ్లాను.
పాటు. తడి ఇసుక మీద పిల్లలు,
రెండు తెడ్లు పాతి గోలు.
చొక్కా ఇస్త్రీ నలగకుండా గట్టున నిలబడ్డాడు అతను.
పదకొండో పేజీ: క్లబ్బు అనుమతి లేనిదే
మరెక్కడా, ఎవరితోనూ, ఏ నేల మీదా ఆడరాదు.
బంతి దొర్లుకుంటూ వచ్చి
సరిగ్గా ఆ ఎడమకాలి ముందే ఆగింది.
"అన్నా, తన్నన్నా!"

కాలు కదిలింది. నేను చూశాను.
వంగి, రెండు చేతులా ఎత్తి
బంతిని పిల్లల వైపు విసిరేశాడు.

చేతుల మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.
రెండుసార్లు చదివాను.